దించని మాట

మాలినీ పరిత్యాగం నాటకంలో సముద్రమంటే ఒక నీలం చీర. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని ఊపుతారు. చూసేవాళ్ళకి అది సముద్రమే. గౌరీశంకర్ తీసిన సినిమాలో సముద్రం నిజం సముద్రమే, ఆర్యపల్లి ఒడ్డుది. చూస్తుంటే ఎండుచేపల వాసన కూడా వస్తున్నట్టుంటుంది. అయినా మొదట్లో నాకు ఆ సినిమా అంటే ఒళ్ళు మంట.

నాటకం సంగతి ముందు చెప్పాలి. ఒడిశాలో దిగపహండి చుట్టుపక్కల తెలుగు ఊళ్ళలో మా తాతల నాటి నుంచి ఆడేవారు. సాగరదత్తుడనే వర్తకుడు ఓడెక్కి దూరదేశం పోతాడు. భార్య మాలిని అతని కోసం రోజూ ఒడ్డున దీపం పెడుతుంది. అతను తిరిగొచ్చాక, ఆ దీపం వేరే మగవాడికి సైగ అని ఎవరో చెబుతారు. నమ్ముతాడు. నిండు సభలో ఆమెను వెళ్ళగొడతాడు. మాలిని సముద్రంలో దిగిపోతుంది. ఆఖర్న వరుణుడు ఆమెను తెచ్చి అప్పగిస్తాడు. ఆమె మొగుడి కాళ్ళకి దండం పెడుతుంది. మంగళం పాడతారు. తెల్లవారుతుంది.

నేను సాగరదత్తుణ్ణి. నా పేరు అసిరయ్య అయినా పక్క ఊళ్ళలో ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు. వెళ్ళగొట్టే పద్యం నేను ఎత్తుకుంటే జనం వన్స్ మోర్ అని అరిచేవాళ్ళు. పాపం, మాలిని వేషం కట్టే పుణ్యవతి, తెర దాకా వెళ్ళిపోయిన మనిషి వెనక్కి వచ్చి మళ్ళీ నా కాళ్ళ మీద పడేది. నేను మళ్ళీ తోసేవాణ్ణి.

ఆ నాటకానికి ఒక ఆచారం ఉంది. ఆట అయ్యాక, మొహం మీద రంగు తుడుచుకోక ముందే, సాగరదత్తుడు పళ్ళెంలో కొబ్బరికాయ, తమలపాకు, వక్క పెట్టుకుని మాలిని వేషం కట్టిన మనిషి ముందు వంగాలి. "మాట నాటకానిది, నాది కాదు" అనాలి. ఆమె "దిగింది" అని ఆకు నోట్లో వేసుకోవాలి. దీన్ని మాట దించడం అంటాం. ఆడదాన్ని అంత మాట అన్నాక ఆ మాటను అక్కడే కింద పెట్టి రావాలి. దించకుండా వస్తే అది మన వెనకాలే ఇంటికొస్తుందని మా హార్మోనియం నరసన్న నమ్మకం. నేను నమ్మానో లేదో నాకే తెలియదు. దించకుండా మాత్రం ఎప్పుడూ ఇంటికి రాలేదు.

సినిమా తీయక ముందు చలికాలంలో నా భార్య వరహాలమ్మ పోయింది. మధ్యాహ్నం పూట గుండెనొప్పి వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. కోడలు హేమ దిగపహండి వెళ్ళింది. అది నేను మరిచిపోలేదు. కొడుకు లోకనాథ్ సూరత్‌లో మగ్గాల మిల్లులో పనిచేస్తాడు, వచ్చి కర్మ చేసి వెళ్ళిపోయాడు. ఇంట్లో నేను, హేమ, ఒక గేదె మిగిలాం.

హోలీ వెళ్ళాక గౌరీశంకర్ వచ్చాడు. బరంపురం బడా బజార్లో పాతకాలం నుంచి ఉన్న తెలుగువాళ్ళు. వాళ్ళ తాత జానకీరామయ్య మాస్టారు నా సాగరదత్తుణ్ణి చూడటానికి ఎడ్లబండి కట్టించుకుని వచ్చేవారట. మనవడు ఏదో కంపెనీలో ఉద్యోగం చేస్తూ సెలవుల్లో సినిమాలు తీస్తాడు. హాల్లో ఆడేవి కావు, ఫోన్లో చూసుకునేవి. మా నాటకాన్ని సినిమా తీస్తానన్నాడు.

"సాగరదత్తుడు ఇప్పుడుంటే ఓడెక్కడు అసిరయ్య గారూ. సూరత్ రైలెక్కుతాడు," అన్నాడు.

"మరి దీపం?"

"వీధి గుమ్మం మీద బల్బు. రాత్రంతా వేసి ఉంచుతుంది. కరెంటు పోతే ఫోన్ లైటు."

"ఎల్లగొట్టేది ఎవులు? మొగుడు సూరత్‌ల ఉన్నాడంతన్నావు."

"మామగారు. ఈ రోజుల్లో ఆ మాట అనేది ఇంట్లో పెద్దలే కదండీ. ఆ వేషం మీది."

"వరుణుడో?"

"లేడు."

"వరుణుడు నేకపోతే ఆ పిల్లని ఎనక్కి ఎవులు తెత్తారు బాబూ?"

"ఎవరూ తేరండీ. ఆమె బస్సెక్కి వెళ్ళిపోతుంది. అంతే సినిమా."

"అదేటి? మంగళం పాడకుండా తెర దించీసినట్టు!"

టీ గ్లాసులు తెస్తున్న హేమ గుమ్మంలోనే నవ్వేసింది. "అదే బాగున్నాది మావా. మీ వరుణుడికి కిరీటం జారిపోకుండా పట్టుకోడానికే సరిపోతాది. ఆయన దాన్నేటి తెత్తాడు? బస్సయితే బేగి ఎల్లిపోద్ది."

ఆ పిల్ల నోరు అటువంటిది. నేను పాకలో పద్యాలు సాధన చేస్తుంటే వచ్చి, "మావా, గేదె బెదిరిపోతన్నాది, రేపు పాలు నువ్వే ఇయ్యాల" అనేది. వరహాలమ్మ పడీ పడీ నవ్వేది. పక్కన ఒడియా ఇళ్ళలో కోడళ్ళు మామ ఎదుట ముసుగు తియ్యరు. మా ఇంట్లో తల మీద కొంగు ఉండదు, నోటికి అడ్డూ ఉండదు. ఆ చనువు వరహాలమ్మ ఇచ్చింది. నాకు ఎప్పుడూ నచ్చలేదు.

చేస్తానని ఒప్పుకున్నాను. ఎందుకంటే ఊళ్ళో ఇప్పుడు నాటకాలు లేవు. మొహానికి రంగు పడి చాలాకాలమైంది.

*

ఆర్యపల్లిలో ఒడ్డుకి దగ్గరగా ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నారు. నాకు వండిపెట్టడానికి, మాత్రలు వేళకి ఇవ్వడానికి హేమ నాతో వచ్చింది. పద్యాల కోసం నరసన్ననీ రమ్మన్నారు. కోడలి వేషానికి భువనేశ్వర్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఎండలో చేపల గంప ఎత్తమంటే ఎత్తలేకపోయింది. ఎత్తినా, టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడింది. రెండో రోజుకే జ్వరమని వెళ్ళిపోయింది.

గౌరీశంకర్ తల పట్టుకుని కూర్చున్నాడు. బయట హేమ ఎండుచేపలు అమ్మే ఆమెతో బేరమాడుతోంది. సగం తెలుగు, సగం ఒడియా. ఆ చేపలామె ఏదో అంటే హేమ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "మీ ఊరి సముద్రం మొత్తం ఈ గంపలోనే ఉన్నట్టు సెప్తన్నావేటే తల్లీ!" అంది. గౌరీశంకర్ లేచి నిలబడ్డాడు.

"ఈవిడే," అన్నాడు.

హేమ ముందు సిగ్గుపడింది, తర్వాత ఆశపడింది. నా మొహం వంక చూసింది. నేను లోకనాథ్‌కి ఫోన్ చేశాను. వాడు వద్దంటాడనుకున్నాను.

"నువ్వు పక్కనున్నావు కదా నాన్నా. సెయ్యమను," అన్నాడు వాడు.

సినిమా పని నాకు పట్టుబడలేదు. నాటకంలో గొంతు ఆఖరి వరస దాకా పోవాలి. చెట్టెక్కి కూర్చున్నవాడికి కూడా వినపడాలి. ఇక్కడ నోరు తెరిస్తే చాలు, "కొంచెం తగ్గించండి" అంటాడు.

"తగ్గిత్తే ఆఖరి వరసలోడికి ఇనపడదు బాబూ."

"ఆఖరి వరస లేదండీ. చూసేవాడు మీ చేతికి అందేంత దూరంలో కూర్చున్నాడనుకోండి. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు."

మొదటి రోజు నేను చెప్పడం ఆపగానే "వన్ మోర్" అన్నాడు. నేనూ నరసన్నా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇప్పటికైనా మనిషికి రుచి తెలిసిందనుకున్నాం. మళ్ళీ ఇంకా గట్టిగా చెప్పాను. మళ్ళీ "వన్ మోర్". భోజనాల దగ్గర నేను ఆ మాట నలుగురితో చెప్పుకుంటుంటే హేమ దగ్గరకొచ్చి చెవిలో అంది.

"మావా, అది మెచ్చుకోడం కాదు. బాగా రానేదని మళ్ళీ సెయ్యమంతన్నాడు."

అందరిలో అనలేదు. చెవిలోనే అంది. అయినా నాకు తల కొట్టేసినట్టయింది. రాళ్ళు కడిగినట్టు ఒక్కో మాటా కడిగి పలికేవాణ్ణి నేను. దీనికి నిన్న మొన్న వేషం వచ్చింది. దీనికి మొదటిసారికే బాగుందంటున్నాడు.

*

వెళ్ళగొట్టే ఘట్టం తీసిన రోజు ఎండ నిప్పులు చెరిగింది. వంటింట్లో తీశారు. హేమ పొయ్యి ముందు కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. నేను పీట మీద. మా మధ్య ఒక నీళ్ళ బిందె, గ్లాసు. కాయితం మీద రాసిచ్చిన మాటలు చెప్పాను. గౌరీశంకర్‌కి నచ్చలేదు. మళ్ళీ చెప్పాను. చివరికి అతను నా పక్కన గొంతుకూర్చుని మెల్లిగా అన్నాడు.

"రాసింది వదిలెయ్యండి. పద్యం మరిచిపోండి. నిజంగా కోపమొస్తే మీ ఇంట్లో ఎలా అంటారు? అలా అనండి."

"ఇంట్లో అన్నట్టే?"

"ఇంట్లో అన్నట్టే."

కెమెరా తిరిగింది.

"ఆ దీపం ఎవులికే?" అన్నాను. అంతవరకూ కథలోదే. ఆ తర్వాత కథ ఎక్కడికి పోయిందో నాకు తెలియదు.

"నా ఆడది సచ్చిపోతంటే నువ్వెక్కడున్నావే? బజార్ల తిరుగుతన్నావు. దాని గొంతులో సుక్క నీళ్ళు పోసే దిక్కు నేదు. నువ్వు ఈ ఇంట్ల కాలెట్టినావు, నా ఇంటి దీపం ఆరిపోనాది. నాను సూడనేను నీ మొకం. ఎల్లు. గడప దిగు."

గొంతు పెంచలేదు. చేతికి అందేంత దూరంలో ఉన్న మనిషికి చెప్పినట్టే చెప్పాను.

హేమ నా కాళ్ళ మీద పడి ఏడవాలి. కాయితంలో అలా ఉంది. పడలేదు. నా వంక చూసింది. తర్వాత లేచి బయటికి వెళ్ళిపోయింది. నాకు ఆయాసం వచ్చింది. చేతికి గ్లాసు తగిలితే నీళ్ళు తాగాను. గౌరీశంకర్ చాలాసేపు కెమెరా ఆపలేదు. ఆపాక వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళంతా బరంపురం పిల్లలు. నేను అప్పటికప్పుడు కల్పించి చెప్పాననుకున్నారు.

నరసన్న చప్పట్లు కొట్టలేదు.

వరహాలమ్మ పోయిన రోజున హేమ దిగపహండి వెళ్ళింది నా బీపీ మాత్రలకి. వరహాలమ్మే పంపింది. నేను తెచ్చుకోవాల్సినవి, మరిచిపోయాను. ఆ వేళకి నేను టీ కొట్టు బల్ల మీద కూర్చుని వెనకటి నా వన్స్ మోర్ల గురించి చెప్పుకుంటున్నాను. ఇవన్నీ నాకు తెలియక అన్న మాటలు కావు. తెలిసే అన్నాను.

నరసన్న ఎక్కడ తెచ్చాడో ఒక పళ్ళెం తెచ్చాడు. కొబ్బరికాయ, ఆకు, వక్క.

"దించీరా," అన్నాడు.

"సినిమాకి ఇదేటి?"

"నాటకమయితే ఏటి, సినిమా అయితే ఏటి? మాట మాటే గదరా. దించీ."

"కోడలి ముందు వంగమంతావేటి నన్ను?"

"పుణ్యవతి ముందు వంగనేదా?"

"అది వేషం కట్టుకునే మనిషి."

"ఇదీ వేషమే కట్టినాది కాదేటి? నువ్వే కట్టనేదు," అన్నాడు నరసన్న.

హేమ పెరట్లో గోలెం దగ్గర చేతులు కడుక్కుంటోంది. పళ్ళెం చూసింది. ఈ ఆచారం దానికి తెలుసు, వరహాలమ్మ చెప్పింది. చేతులు కడుక్కోవడం అయిపోయింది. అయినా అక్కడే నిలబడింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది. అది నా కోసమని నాకు తెలుసు.

కోడలి ముందు నడుం వంచడం కష్టమే. కాని అసలు కష్టం అది కాదు. వంగితే, మాట నాటకానిది, నాది కాదు అని అనాలి. మాట నాదే. అబద్ధం ఆడటం ఇష్టం లేక దించలేదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం ఆడని మనిషినని కొంచెం గర్వపడ్డాను కూడా.

బయట నుంచి గౌరీశంకర్ కేకేశాడు. బస్సు ఎక్కే షాట్ తీయాలి, ఎండ దిగిపోతోంది. హేమ వెళ్ళి బస్సెక్కింది. అది మొదటిసారికే బాగా వచ్చింది. పళ్ళెం అరుగు మీద ఉండిపోయింది. కొబ్బరికాయ ఎవరో కొట్టుకు తిన్నారు.

*

ఊరికి వచ్చిన మర్నాడు పొద్దున్న హేమ తల మీద కొంగు కప్పుకుంది. కళ్ళ దాకా లాక్కుంది. ఎన్నాళ్ళుగానో నేను సణిగిందే. ఇప్పుడు అడక్కుండా చేసింది. నా ఎదురుగా రావడం మానేసింది. తలుపు చాటు నుంచి అన్నం పళ్ళెం జరిపేది. నాతో చెప్పాల్సినవి గేదెతో చెప్పేది.

"మావగారికి నీళ్ళు కాగినాయని సెప్పవే."

"మావగారు మాత్ర ఏసుకోనేదు. అడగవే ఓపాలి."

దారిన పోయేవాళ్ళు విని నవ్వేవాళ్ళు. నేను నవ్వలేదు. మావా, నువ్వు అనే పిల్ల మావగారు, మీరు అంటుంటే ఇల్లంతా పరాయి ఇల్లులా ఉండేది. అడగొచ్చు కదా, ఎందుకిలా అని. అడగలేదు. మాట్లాడటం మానేస్తే నాకేం పోయిందనుకున్నాను. మాత్ర మాత్రం ఏ పూటా తప్పలేదు.

వైశాఖంలో గౌరీశంకర్ బరంపురం రమ్మన్నాడు. ఇద్దర్నీ రమ్మన్నాడు, నేనొక్కణ్ణే వెళ్ళాను. బడా బజార్లో బట్టల కొట్ల పైన వాళ్ళ మేడ. అతని భార్య సుశ్మిత కాఫీ ఇచ్చింది. గదిలో పెద్ద తెర పెట్టి వెళ్ళగొట్టే ఘట్టం చూపించాడు.

నా మొహం నేనెప్పుడూ చూసుకోలేదు, రంగు వేసుకునేటప్పుడు అద్దంలో తప్ప. అంత పెద్ద మొహం. కంటి కింద నరం అదురుతోంది. దవడ బిగుసుకుంటోంది. ఆఖరి వరసవాడికి జన్మలో కనపడనివి అన్నీ కనపడుతున్నాయి. ఇన్నేళ్ళూ గొంతే నా బలమనుకున్నాను. గొంతు లేకుండానే నేను ఇంత ఉన్నానా అనిపించింది. ఆ పద్యం, ఆ కిరీటం, ఆ చెమ్కీ అంగరఖా అన్నీ దీని ముందు పిల్లలాటలా తోచాయి. అప్పటిదాకా తిట్టిన సినిమా ఆ క్షణాన నాకు నచ్చింది.

గౌరీశంకర్ తెర ఆపాడు.

"నరసన్న గారు నాతో ఒక మాట చెప్పారు. ఇది మీ ఇంట్లో సంగతట కదా. నాకు తెలియదండీ, తెలిస్తే ఆ రోజే ఆపేవాణ్ణి. సినిమా మొత్తానికి ఇదే ప్రాణం. కాదనను. కాని హేమ గారికి ఇష్టం లేకపోతే తీసేస్తాను. రాసిన మాటలతో తీసింది ఉంది, దాంతో నడిపిస్తాను. నేనడిగితే మొహమాటపడతారు. మీరు అడిగి చెప్పండి."

"ఆ రాసిన మాటల్తో తీసిందాంట్ల నాను ఎలగున్నాను?"

"పర్లేదండీ," అన్నాడు. ఆ పర్లేదు నాకు గుచ్చుకుంది.

కొన్నాళ్ళకి ఫోన్ చేశాడు. నేను అరుగు మీద ఉన్నాను. పెరట్లో హేమ గేదెకి గడ్డి వేస్తోంది. ఇక్కణ్ణుంచి పిలిస్తే వినపడుతుంది.

"అడిగారా?"

"అడిగినాను."

"ఏమన్నారు?"

"ఉంచమన్నాది," అన్నాను.

ఫోన్ జేబులో పెట్టుకుని, వీధిలోకి వెళ్ళి గడ్డం గీయించుకున్నాను. సినిమా కోసం పెంచిన గడ్డం.

*

జ్యేష్ఠంలో సినిమా ఫోన్లలోకి వచ్చింది. సినిమా మొత్తం ఎంతమంది చూశారో తెలియదు గాని ఆ ముక్క ఒక్కటీ విడిగా అందరి ఫోన్లకీ ఎక్కింది. టీ కొట్టు దగ్గర నాకు బల్ల మీద చోటు ఇచ్చారు. "పద్యం కన్నా ఇదే బాగున్నాదిరా అసిరా, నిజంగా తిట్టినట్టే ఉన్నాది" అన్నారు. నేను మీసం తిప్పాను.

కుళాయి దగ్గర ఎవరో హేమని అడిగారట. "ఏటమ్మా, మీ అత్త పానం పోతంటే బజార్ల ఉన్నావంట కదా? మీ మావే సెప్తన్నాడు ఫోన్ల."

హేమ బిందె నింపుకోకుండానే ఇంటికి వచ్చింది. ముసుగు తీసేసింది. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"గౌరీశంకర్ బాబుకి ఫోన్ సేసినాను. ఉంచమన్నానంట నాను," అంది. "ఎప్పుడన్నాను మావా?"

నేను తువ్వాలు దులుపుకున్నాను. "సినిమాల మాట సినిమాదే గదే. జనానికేటి, ఆళ్ళు నాలుగు రోజులు అనుకుని మరిసిపోతారు."

"సినిమాదే అయితే మరి ఆ రోజు ఎందుకు దించనేదు?"

నేను తువ్వాలు మళ్ళీ దులిపాను. అది కాసేపు నిలబడింది, ఆర్యపల్లిలో గోలెం దగ్గర నిలబడ్డట్టే. తర్వాత లోపలికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న గేదెకి గడ్డి వేసి, నా మాత్రలు పొద్దుటివి ఒక పక్కా రాత్రివి ఒక పక్కా అరుగు మీద పెట్టి, సంచీ తీసుకుని బస్సెక్కింది. పుట్టిల్లు గోపాల్‌పూర్ దారిలో.

ఆ సాయంత్రం లోకనాథ్ ఫోన్ చేశాడు.

"మిల్లుల అందరూ సూసినారు నాన్నా. అమ్మ పోయిన రోజు హేమ నీ మాత్రలకే గదా ఎల్లింది? ఆ పొద్దున్న అమ్మే నాకు సెప్పినాది, మీ నాన్న మల్లీ మరిసిపోయినాడు, పిల్లని పంపుతన్నానని."

"అవును."

"మరి?"

వెనక మగ్గాల చప్పుడు వినపడుతోంది.

"హేమని ఇక్కడికి తెచ్చుకుంతాను. గది సూత్తన్నాను. నువ్వు మాత్రలు ఏసుకో," అన్నాడు. తిట్టలేదు. ఫోన్ పెట్టేశాడు.

ఇల్లు ఖాళీ అయింది. గేదె నా చేతి మీద పాలివ్వలేదు. పక్కింటి ఆమె వచ్చి పితికింది. మా నాటకంలో మాలిని వెళ్ళిపోయాక సాగరదత్తుడు శోకించే పద్యాలు ఉంటాయి, హార్మోనియం వెనకాలే ఏడుస్తుంటుంది, జనం ముక్కు చీదుతారు. తర్వాత నీలం చీర పైకి లేస్తుంది, వరుణుడు వస్తాడు. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని ఆ పద్యం ఎత్తుకోబోయాను. రెండో పాదానికే సిగ్గేసి ఆపేశాను. వినేవాళ్ళు లేక కాదు. వరుణుడు రాడని ముందే చెప్పాడు గౌరీశంకర్.

అతనికి ఫోన్ చేశాను. "బాబూ, నాను ఆ పిల్లని అడగనేదు," అన్నాను.

"అసిరయ్య గారూ..." అన్నాడు. ఆ సాయంత్రమే ఆ ఘట్టం తీసేశాడు. కాని జనం ఫోన్లలోకి ఎక్కిన ముక్కని తియ్యడం అతని చేతుల్లో లేదట. నాటకంలో మాట తెల్లవారే సరికి పోతుంది. ఎవరికీ గుర్తుండదు. అయినా దాన్ని దించేవాళ్ళం. ఇది పోదు. దీన్ని నేను దించలేదు.

*

రజ పండక్కి హేమ పుట్టింటికి వెళ్ళాను. రజలో ఆడవాళ్ళు పని ముట్టరు. ఉయ్యాలలూగుతారు, కాళ్ళకి పారాణి పెట్టుకుంటారు, నోరంతా ఎర్రగా పండేలా తాంబూలం వేసుకుంటారు. ఆ ఊళ్ళో ఒడియా ఆడపిల్లలతో పాటు తెలుగు పిల్లలూ ఉయ్యాలల మీద ఉన్నారు. సంచీలో కొబ్బరికాయ, తమలపాకులు, వక్క, మా ఇంటి ఇత్తడి పళ్ళెం.

వియ్యపురాలు అప్పలనర్సమ్మ గుమ్మంలోనే ఉంది.

"రండి సాగరదత్తుడు గారూ," అంది. "ఓడ దిగినారేటి?"

"కోడల్ని సూడ్డానికి వచ్చినాను."

"సూడ్డానికి టిక్కెట్టెందుకు తీసుకున్నారు? ఫోన్ల రోజూ కనపడతన్నాది గదా, మీరు గడప దింపతంటే."

"అమ్మా, రానీ," అంది లోపల్నుంచి హేమ.

హేమ చాప మీద కూర్చుని ఉంది. పాదాలకి పారాణి ఇంకా ఆరలేదు. తల మీద కొంగు లేదు. నన్ను చూసి లేచి నిలబడింది. నేను పళ్ళెం తీసి అన్నీ సర్దాను. వక్క దొర్లిపోయింది, వెతుక్కుని మళ్ళీ పెట్టాను. అప్పలనర్సమ్మ చూస్తూనే ఉంది. వంగాను. పళ్ళెం హేమ పాదాల ముందు పెట్టాను.

ఎన్నోసార్లు అన్న మాట. నోటికి వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది.

"మాట నాటకానిది కాదు," అన్నాను. "నాది. ఆ మాత్రలు నావి. నాకు తెలుసు, తెలిసే అన్నాను. నిన్ను అడక్కుండా ఉంచమన్నాను."

బయట ఉయ్యాల గొలుసు కిర్రుమంటోంది. హేమ వంగి పళ్ళెం రెండు చేతులా ఎత్తింది. కిటికీలో పెట్టింది. ఆకు తియ్యలేదు.

"వాడిపోతాది," అన్నాను.

"నీళ్ళు జల్లుతాను లెండి," అంది.

కాసేపు కూర్చున్నాను. రజకి కాల్చి చేసే తీపి రొట్టె, పోడపిఠా, ముక్క ఒకటి పెట్టారు. తిన్నాను. వచ్చే నెల సూరత్ వెళ్తున్నానని హేమ చెప్పింది. గేదె బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. దిగింది అని మాత్రం అనలేదు. నేనున్నంతసేపూ ఆకు కిటికీలోనే ఉంది. నేను వచ్చేశాక నోట్లో వేసుకుందో, ఎండబెట్టిందో నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు.

బరంపురంలో దిగపహండి బస్సెక్కాను. పండగ జనం. నా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు. కిటికీ పక్కన కూర్చున్నామె ఫోన్ చూస్తోంది. నా గొంతు వినపడింది.

"ఈ ముసిలోణ్ణి సూడవే. ఈడి నోట్ల మన్ను కొట్ట," అందామె పక్కామెతో.

"అచ్చం మా మావకి తమ్ముడిలాగున్నాడు."

"మీ మావ నయమే. ఈడి మొకం సూడు, ఎలగ బిగించినాడో."

నాకు గడ్డం లేదు, తల మీద తువ్వాలు ఉంది. వెనక్కి తిరిగి చూసినా పోల్చుకోలేకపోయేవాళ్ళు. వాళ్ళ భుజాల మధ్య నుంచి చూశాను. మొహం చూడబుద్ధి కాలేదు. తెర అంచున హేమ ఉంది. బడా బజార్లో అంత పెద్ద తెర మీద నేను ఒక్కసారి కూడా చూడని హేమ.

గడప దిగు అన్నాను. హేమ నా వంక చూసింది. కళ్ళలోకి కాదు, ఛాతీ వంక చూసింది. నాకు అప్పుడే ఆయాసం మొదలైంది, నాకే ఇంకా తెలియదు. అది లేస్తూ లేస్తూ బిందెలో గ్లాసు ముంచి నా చేతి పక్కకి జరిపింది. అప్పుడు వెళ్ళింది. నేను గ్లాసు వంక చూడకుండానే ఎత్తుకుని తాగాను.

"ఇంకోపాలి పెట్టమ్మా," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. "ఏటి తాతా? ఆ ముసిలోడంటే అంత ముచ్చటేసిందేటి?"

"ఆడ్ని కాదు. ఆ పిల్లని సూడాల."

ఆమె వేలితో వెనక్కి జరిపింది. తెర మీద హేమ మళ్ళీ పొయ్యి ముందు కూర్చుని చేపలు ఏరుతోంది. నేను ఇంకా ఏమీ అనలేదు.